రంగుల్లేని బతుకమ్మ ఫిల్మ్: మా ఊళ్లో చూపిస్తే వచ్చిన మాటలు, ఏం మార్చాలి?

తంగేడుకొమ్మ, హన్మకొండ

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. నిరుడు బతుకమ్మ పండగకు మా పెద్దమ్మను పెట్టి పదకొండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. అంతా ఫోన్ మీదే. బ్లాక్ అండ్ వైట్. మాటల్లేవు, పాట లేదు. ఫిల్మ్ మొత్తం వెనక్కి నడుస్తుంది. మొదటి షాట్‌లోనే చెరువులోంచి బతుకమ్మ తేలుతూ వచ్చి పెద్దమ్మ చేతుల్లో చేరుతుంది. తర్వాత సిబ్బిలో పేర్చిన పూలు ఒక్కో వరుసా విడిపోతాయి. చివరికి తంగేడు పూలు కొమ్మకు వెళ్లి అతుక్కుంటాయి.

తొమ్మిది రోజులు కూడా అట్లాగే తిరగేసి వస్తాయి. ఏ రోజో చెప్పడానికి అక్షరాలు వేయలేదు, ఆ రోజు నైవేద్యం పళ్లెం మాత్రమే చూపించాను. ముందు సద్దులు, తర్వాత వెన్నముద్దలు, ఆ తర్వాత పిండితో చేసిన వేపకాయలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు మేం బతుకమ్మను పేర్చం, నైవేద్యం పెట్టం. అందుకని అక్కడ ఖాళీ పళ్లెం, దాని వెనక అర నిమిషం నల్ల తెర. మళ్లీ అట్లు, నానబియ్యం, ముద్దపప్పు, అటుకులు, ఎంగిలిపూలు.

ముందు హైదరాబాద్‌లో ఫిల్మ్ కోర్సు చదువుతున్న స్నేహితులకు చూపించాను. తర్వాత పరకాల దగ్గర మా ఊళ్లో, మా ఇంటి వాకిట్లో, గోడ మీద వేశాను. రెండు చోట్లా వచ్చిన మాటలు ఒకదానికొకటి పొంతన లేవు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

హైదరాబాద్‌లో వెనక్కి నడపడం అందరికీ తెగ నచ్చింది. నల్ల తెర వచ్చినప్పుడు మాత్రం ఫైల్ ఆగిపోయిందనుకుని ఒకతను ల్యాప్‌టాప్ దగ్గరికి లేచి వెళ్లాడు. చూశాక అందరిదీ ఒకటే సలహా: వాయిస్ ఓవర్ పెట్టు, లేకపోతే బయటివాళ్లకు ఎక్కదు. ఇంకో సలహా, ఆఖరి షాట్‌లో తంగేడు కొమ్మకు కలర్ వచ్చేలా చెయ్యమని.

ఊళ్లో అంతా వేరు. మొదటి షాట్‌కే ముందు వరుసలో ఉన్న ఒక అవ్వ లేచి నిలబడింది. "సాగనంపిన తల్లిని మళ్ల గుంజుకొస్తరా బిడ్డా?" అన్నది. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆమె గొంతులో భయం ఉంది. బయటికి పోయి పక్కింటి అరుగు మీద కూచుంది, అయిపోయేదాకా లోపలికి రాలేదు. మా చిన్నమ్మ సగంలో "తంగేడేదో గునుగేదో తెలుస్తలేదు, అంతా ముగ్గు పోసినట్టు తెల్లగున్నది" అని గట్టిగానే అన్నది. పిల్లలు కలర్ పోయిందని ప్రొజెక్టర్ వైర్ కదిలించబోయారు. మగవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒక్కటే, పాట లేని బతుకమ్మ ఏంది అని.

కానీ ఖాళీ పళ్లెం వచ్చిందో లేదో, వెనక కూచున్న ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే "అలిగింది, అలిగింది" అన్నారు. నల్ల తెర ఉన్నంతసేపు ఒక్కరూ కదల్లేదు. ఒకామె ఒళ్లో ఉన్న మనవరాలికి బతుకమ్మ ఎందుకు అలిగిందో కథ చెప్పడం మొదలుపెట్టింది. ఫిల్మ్ మొత్తంలో అన్నిటికంటే కష్టమైన చోటు అదేనని నా స్నేహితులు అన్నారు. మా ఊరి ఆడవాళ్లకు అక్కడ ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

బ్లాక్ అండ్ వైట్ ఎందుకంటే, బతుకమ్మ వీడియోల్లో రంగు ఎంత పెంచుతామో ఎడిటింగ్ చేసేవాళ్లకు తెలుసు. పసుపు, గులాబీ రంగు కళ్లకు కొడతాయి, పేర్చే చేతులు కనబడవు. మా పెద్దమ్మ వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. గునుగు కాడలు సమానంగా కోసి, దారంతో కట్టలు కట్టి, గుమ్మడాకు మీద గుండ్రంగా పేర్చుకుంటూ పోతుంటే ఆ వేళ్లు ఎంత లెక్కగా కదులుతాయో రంగు తీసేశాకే నాకు కనబడింది. దాన్ని వదులుకోలేను.

ఈసారి పండగకు ముందు బడి గ్రౌండ్‌లో పెద్ద తెర మీద వేద్దామని ఊరివాళ్లే అన్నారు. ఆ అవ్వ కూడా వస్తుంది. నీళ్లలోంచి బతుకమ్మ వచ్చే షాట్ ఉంచాలా? పూలు విడివిడిగా కనబడాలంటే రంగు పెట్టక తప్పదా? వాయిస్ ఓవర్ గురించి ఏమంటారు?

ఇంకో సంగతి. ఫిల్మ్‌లో శబ్దం చప్పట్లు మాత్రమే. అవి కూడా తిరగేసే పెట్టాను.

స్టూడియో అన్న, కరీంనగర్

చెల్లె, మీ చిన్నమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి రంగు పెట్టాల్సిన పని లేదు. నువ్వు శాచురేషన్ (రంగు గాఢత) సున్నాకు దించి ఉంటావు. అట్లా చేస్తే హెచ్‌డీ వీడియోలో వెలుగును సాఫ్ట్‌వేర్ ఒక లెక్క ప్రకారం కడుతుంది: ఆకుపచ్చ 72 పాళ్లు, ఎరుపు 21, నీలం 7. పసుపు రంగంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసినది. అంటే నిండు పసుపుకు నూటికి 93 వస్తుంది. తంగేడు తెల్లగా కాకుండా ఇంకెట్లా ఉంటుంది? పక్కన గునుగు ఎట్లాగూ తెలుపే. రెండు వరుసలూ కలిసిపోయాయి.

ఇప్పుడు తిరగేసి ఆలోచించు. పసుపులో నీలం దాదాపు ఉండదు, తెలుపులో నిండుగా ఉంటుంది. నీలం చానెల్‌ను, అంటే బొమ్మలోని నీలం వెలుగు పాలును, ఎక్కువ తీసుకుంటే తంగేడు ముదురు బూడిద రంగులోకి దిగుతుంది, గునుగు తెల్లగానే నిలబడుతుంది. బంతిపూలు ఇంకా నల్లబడతాయి. నీలం కట్లపూలు వేశారా? అవి వెలుగుతాయి. గులాబీ రంగు అద్దిన గునుగు మధ్యలో ఎక్కడో ఉంటుంది. అంటే ఒక వరుస చీకటి, ఒక వరుస వెలుగు. రంగు లేకుండానే పేర్పు కనబడుతుంది.

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు మార్చే ఆర్‌జీబీ మిక్సర్ ఉంటుంది కదా, దాంట్లో మోనోక్రోమ్ అని టిక్ పెట్టే గడి ఉంది. అది పెట్టి నీలం 60, ఆకుపచ్చ 40, ఎరుపు సున్నాతో మొదలుపెట్టు. పసుపు నలభై దగ్గరికి దిగుతుంది. మొత్తం నీలమే పెట్టకు. ఫోన్ వీడియోలో వెలుగు వివరం పూర్తిగా ఉంటుంది గానీ రంగు వివరం అడ్డంగా సగం, నిలువుగా సగమే దాచుకుంటుంది. ఒక్క నీలాన్నే బయటికి లాగితే గళ్లు గళ్లుగా కనబడుతుంది, నాయిస్ (బొమ్మ మీద కదిలే సన్నని చుక్కలు) కూడా దాంట్లోనే ఎక్కువ.

పెద్దమ్మ ముఖం షాట్లకు మాత్రం ఈ లెక్క వాడొద్దు. నీలంలో మన చర్మం మరీ నల్లగా, మచ్చలన్నీ పైకి తేలి కనబడుతుంది. ముఖానికి ఎరుపు ఎక్కువ పెడితే మెత్తగా వస్తుంది. చేతుల షాట్లకు ఆకుపచ్చ మీద ఉంచు, కణుపుల నీడలు దానిలో బాగా నిలుస్తాయి. షాట్ షాట్‌కూ మార్చొచ్చా అని టెన్షన్ పడకు. పాత రోజుల్లో ఇదే పనికి కెమెరా ముందు పసుపు ఫిల్టరో ఎర్ర ఫిల్టరో బిగించేవాళ్లు. అంతకుముందు వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కనబడేదే కాదు, కుంకుమ బొట్టు దాంట్లో నల్లగా పడుతుంది. 1920ల్లో పాంక్రోమాటిక్ ఫిల్మ్ వాడకం పెరిగాక గానీ అన్ని రంగులూ సరిగ్గా బూడిద రంగులోకి మారలేదు. బ్లాక్ అండ్ వైట్ అంటే రంగు తీసేయడం ఒక్కటే కాదు, ఏ రంగు ఎంత వెలగాలో మనం తేల్చుకోవడం.

కోరుట్ల, ఇప్పుడు దుబాయ్

నేను ఒప్పుకోను. అక్కా, మీ పని మీద గౌరవంతోనే చెబుతున్నా. ఇక్కడ క్యాంపులో మా గదిలో ఉన్నవాళ్లం అందరం కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల దిక్కు వాళ్లమే. సద్దుల నాడు ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుంది. నా బిడ్డ బతుకమ్మను ఫోన్ దగ్గరికి తెచ్చి చూపిస్తుంది. ఆ పసుపు, ఆ ఎరుపు చూస్తేనే నాకు పండగ వచ్చినట్టు. ఇక్కడ చుట్టూ ఇసుక, సిమెంటు. రంగు లేనిది మాకు రోజూ ఉన్నదే. చేతులు కనబడాలంటే కెమెరా దగ్గరికి పెట్టండి, రంగు తీసేయడం ఎందుకు? రంగు ఉన్న ఫిల్మ్ కూడా ఒకటి చేసి పెట్టండి, మాలాంటి వాళ్లం చూసుకుంటాం.

తంగేడుకొమ్మ, హన్మకొండ

స్టూడియో అన్నా, ఒక షాట్‌కు పెట్టి చూశాను. వరుసలు లేచి నిలబడ్డాయి! గుమ్మడి పువ్వు కూడా కిందున్న తెల్ల గునుగు నుంచి విడిపడి కనబడుతున్నది. చిన్నమ్మకు ఫోన్‌లో పంపితే "గిప్పుడు బతుకమ్మ" అన్నది.

కోరుట్ల అన్నా, మీ మాట నాకు బాగా తాకింది. మీరు చెప్పిన చూపు నాకు తట్టలేదు, ఎందుకంటే నేను ఉండేది పూల మధ్యనే. ఈ ఫిల్మ్‌ను మాత్రం మార్చలేను. పెద్దమ్మ పేర్చింది మొదటి నుంచి చివరిదాకా రంగుల్లో, ముందుకు నడిచేలాగే, నా దగ్గర ఉంది. అది వేరుగా పెడతాను, పాటతో సహా.

హుజూరాబాద్ టీచరమ్మ

అమ్మా, నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని. చిన్నప్పటి నుంచీ ఏ ఏడూ బతుకమ్మ పేర్చడం మానలేదు. అవ్వ మాట గురించి చెబుతాను, మిగతావి నాకు తెలియవు.

నీళ్లలో వదిలేటప్పుడు మనం ఏమంటాం? పోయి రమ్మంటాం. పొమ్మని ఊరుకోం. ఆడబిడ్డను అత్తింటికి సాగనంపినట్టు సాగనంపి, వచ్చే ఏడు మళ్లీ రమ్మని చెప్పే తిరిగొస్తాం. నీ షాట్‌లో బతుకమ్మ తిరిగొస్తున్నది. ఆ మాటలో సగం అది. కాబట్టి నా కళ్లకు అందులో అపశకునం లేదు. కానీ అవ్వ చూసింది వేరు. పిలవకముందే, ఏడాది తిరగకముందే, ఎవరో పట్టి లాగినట్టు వచ్చింది. మొదటి షాటే అది కాబట్టి ఆమెకు ముందూ వెనకా ఏమీ తెలియదు. ఎవరైనా భయపడతారు. ఆమె దగ్గరికి వెళ్లి కూర్చో. ఫిల్మ్‌లో వచ్చేది తిరిగొచ్చే బతుకమ్మ అని ముందే చెప్పు. వినకపోతే వినకపోవచ్చు, చెప్పడం మాత్రం నీ పని.

ఒక సంగతి మర్చిపోకు. మన దిక్కు పసుపు గౌరమ్మను ముందే తీసుకుంటాం, బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆ పసుపు పుస్తెలకు రాసుకుంటాం, ఒకరికొకరం పెట్టుకుంటాం. మలీద పంచుకుంటాం. అది నీ ఫిల్మ్‌లో ఉందా? ఉంటే, ఆ ఒక్క షాట్ వెనక్కి తిప్పకు. తిప్పితే పుస్తెల మీది పసుపు పోతున్నట్టు కనబడుతుంది. దాన్ని మాత్రం ఏ ఊళ్లో ఏ ఆడదీ చూడలేదు, నేను కూడా చూడలేను. లేకపోతే, తీసి పెట్టు, ముందుకే నడిపించు. అన్నీ వెనక్కి పోతుంటే ఆ పసుపు ఒక్కటి ముందుకు రావడంలో అర్థం ఉంది.

చప్పట్లను కూడా ముందుకే వినిపించు తల్లీ. తిరగేస్తే అది చప్పట్లలాగే ఉండదు. పాట లేకపోయినా ఫర్వాలేదు. చప్పట్లు సరిగ్గా పడితే ఉయ్యాలో అని అందుకునే గొంతులు అక్కడే కూచుని ఉంటాయి.

బెల్లంపల్లి సినిమా మనిషి

సింగరేణిలో పనిచేసి మానుకున్నాను, సినిమాల పిచ్చి మానలేదు. టీచరమ్మ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను.

వెనక్కి తిప్పి చూపడం సినిమా పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. లూమియేర్ సోదరులు 1896లో గోడను కూలగొట్టే చిన్న ఫిల్మ్ తీశారు. దాన్ని ప్రొజెక్టర్‌లో వెనక్కి నడిపితే దుమ్ములోంచి గోడ లేచి నిలబడేది, జనం అదే మళ్లీ మళ్లీ అడిగి చూసేవాళ్లు. 1924లో జిగా వెర్తోవ్ అనే రష్యా దర్శకుడు రొట్టెను వెనక్కి నడిపి ధాన్యపు చేనుదాకా తీసుకెళ్లాడు. నీ తంగేడు పూలు కొమ్మకు చేరడం ఆ దారిలోదే, అమ్మాయీ. కాబట్టి వెనక్కి నడపడం దానికదే గొప్పా కాదు, తప్పూ కాదు. ఆ గోడకు ఎవరూ మొక్కలేదు. ఆ రొట్టెను ఎవరూ సాగనంపలేదు. నీ షాట్‌లో ఉన్నది జనం మొక్కేది. హైదరాబాద్‌లో నీ స్నేహితులు టెక్నిక్ చూశారు, అవ్వ బతుకమ్మను చూసింది. ఇద్దరిలో ఫిల్మ్‌ను ఎక్కువ నమ్మింది అవ్వే. తెర మీది బతుకమ్మ ఆమెకు బొమ్మ కాదు. అట్లాంటి ప్రేక్షకురాలి కోసం ఎంత కష్టపడినా తక్కువే.

వాయిస్ ఓవర్ వద్దు. రికార్డు చేసిన గొంతు ఖాళీ పళ్లేన్ని కూడా వివరించేస్తుంది, అప్పుడు వెనక నుంచి "అలిగింది" అనే మాట ఎవరికీ రాదు. ఊళ్లో నీకు దొరికిన అన్నిటికంటే మంచి స్పందన పోగొట్టుకుంటావు. అట్లాగని ఎవరూ ఏమీ చెప్పకూడదని కాదు. మన దగ్గర పటం కథ చెప్పేవాళ్లు చేర్యాల పటాన్ని ఒక్కో బొమ్మ దాకా విప్పుతూ పక్కనే నిలబడి చెప్పేవాళ్లు. మూకీ సినిమాల కాలంలో తెర పక్కన మనిషి నిలబడి కథ వినిపించడం మన దేశంలోనూ ఉంది, జపాన్‌లో అదొక పెద్ద వృత్తి. గ్రౌండ్‌లో తెర పక్కన మీ పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూచుంటే చాలు. చెప్పాలనిపిస్తే చెబుతుంది, లేకపోతే లేదు. హైదరాబాద్ వాళ్లకు మొదట్లో రెండు లైన్లు అక్షరాల్లో వెయ్యి: రోజులు తొమ్మిది నుంచి ఒకటికి వస్తాయి, ఆరో రోజు బతుకమ్మ ఉండదు. అంతే.

ఆఖర్లో కలర్ అనే సలహా మాత్రం అస్సలు వినకు. అట్లా చేస్తే పది నిమిషాలు చూసింది ఏదో లోటు, ఇప్పుడు తీరింది అన్నట్టవుతుంది. కోరుట్ల తమ్ముడికి కావాల్సింది మొత్తం రంగు, నీకు కావాల్సింది మొత్తం చేతులు. రెండూ రెండు ఫిల్ములు.

ఇంకోటి, అయిపోగానే జనాన్ని "అర్థమైందా" అని ఎవరూ అడగకుండా చూడు. ఆ మాటకు అవును, కాదు తప్ప జవాబు రాదు. "ఏం కనబడ్డది?" అని అడిగించు.

తంగేడుకొమ్మ, హన్మకొండ

టీచరమ్మా, గౌరమ్మ షాట్ ఫిల్మ్‌లో లేదు, ఫోన్‌లో మాత్రం ఉంది. పెద్దమ్మ పసుపు తీసి మా వదినె పుస్తెలకు రాస్తున్నప్పుడు ఊరికే తీసిపెట్టాను. దాన్ని ముందుకే నడిపించి, మొదటి షాట్‌కు ముందు పెడుతున్నాను. అంటే ఫిల్మ్ ఇప్పుడు పసుపుతో మొదలవుతుంది, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది. నీళ్ల షాట్ ఉంచుతున్నాను.

అవ్వ దగ్గరికి వెళ్లాను. మీరు చెప్పినట్టు తిరిగొచ్చే బతుకమ్మ అని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "అయితే పండగయినంక చూపెట్టు, ముందుగాల ఎందుకు?" అన్నది. ఆలోచిస్తే అది న్యాయంగానే ఉంది. సాగనంపకముందే తిరిగి రావడం ఎట్లా? ఊరివాళ్లతో మాట్లాడాను, సద్దుల బతుకమ్మ అయిన తర్వాతి వారం వేద్దామన్నారు. అప్పుడైతే వచ్చి కూచుంటానని అవ్వ అన్నది, కుర్చీ ముందు వరుసలోనే కావాలన్నది.

చప్పట్లు ముందుకు తిప్పాను. బొమ్మ వెనక్కి, శబ్దం ముందుకు నడుస్తుంటే మొదట్లో కాస్త వింతగా ఉంది, రెండో నిమిషానికి చెవి పట్టేసుకుంటున్నది. పెద్దమ్మ తెర పక్కన కూచోవడానికి ఒప్పుకుంది, మైకు మాత్రం వద్దన్నది.

స్టూడియో అన్నా, నాయిస్ ఇంకా కొంచెం ఉంది. గ్రౌండ్‌లో పెద్ద తెర మీద కొట్టొచ్చినట్టు కనబడుతుందా?

స్టూడియో అన్న, కరీంనగర్

నాయిస్ రిడక్షన్ (ఆ చుక్కలు తగ్గించడం) మిక్సర్‌కు ముందు నోడ్‌లో, అంటే దానికి ముందు మెట్టులో, కలర్ ఉండగానే చెయ్యి. బ్లాక్ అండ్ వైట్‌లోకి మారాక చేస్తే పూల రేకులు కూడా నునుపైపోతాయి. మిగిలిన కొంచెం గ్రెయిన్‌ను వదిలెయ్యి, తెర మీద అదేమీ బాధించదు.

నీకు అసలు ఇబ్బంది వచ్చేది నల్ల తెర దగ్గర. ప్రొజెక్టర్ నలుపును వెయ్యలేదు, వెలుగు ఆపగలదంతే. చుట్టూ ఎంత వెలుగుంటే తెర నలుపు అంత బూడిదగా ఉంటుంది. చీకటి బాగా పడ్డాకే మొదలుపెట్టు, గ్రౌండ్ పక్కనున్న వీధి దీపం ఆ కాసేపు ఆర్పించమని పంచాయతీ వాళ్లకు ముందురోజే చెప్పిపెట్టు. ప్రొజెక్టర్ మెనూలో సిగ్నల్ లేనప్పుడు నీలం తెర వచ్చే సెట్టింగ్ ఉంటే అది కూడా నలుపుకు మార్చు.